పోటీగా కొన్న కూలర్

రెండేళ్ల క్రితం వానాకాలంలో, గురజాలలోని మా వీధిలో డెంగీ జ్వరాలు మొదలయ్యాయి. ప్రతి శుక్రవారం నీళ్ల తొట్లు చూడటానికి వచ్చే ఆశా కార్యకర్త, "పక్కింటి రమను చూసి నేర్చుకోండమ్మా" అనేది. నాకు ఒళ్లు మండేది.

చివరికి రమ కూతురికే డెంగీ వచ్చింది. "అంత కడిగే ఇంట్లోకి దోమెట్టా వచ్చిందంట?" అన్నాను, అందరికీ వినబడేలా.

"అయితే చుట్టుపక్కల చూద్దాం" అంటూ ఆశా కార్యకర్త మా పెరట్లోకొచ్చింది. రమకు పోటీగా వేసవిలో నేను కొన్న కూలర్ తెరిచింది. అడుగున మిగిలిన నీళ్లలో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన రమ, "ఒక పక్క పట్టు వదినా, వంపేద్దాం" అంది. అంతే.

పాప కోలుకుంది. నా కుళ్లు మాత్రం పోలేదు. ఇప్పటికీ ప్రతి శుక్రవారం రమ లేవకముందే మా తొట్లు కడిగేస్తున్నాను.