సూది అమ్మకు, కేక నాది

పక్కమనిషికి వైద్యం చేయించబోయి సొంత నడుముని పోగొట్టుకోవడం ఎలాగో తెలియాలంటే కాస్త కూర్చోండి. కూర్చోగలిగినవాళ్ళు అదృష్టవంతులు.

ముత్తుకూరులో మా అమ్మ కుట్టుమిషను తొక్కుతుంది. నడుముకీ తుంటికీ మధ్య కీలు పట్టేసి రెండేళ్ళయింది. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. మాత్రలయ్యాయి, కాపడాలయ్యాయి. నెల్లూరులో డాక్టరుగారు కీల్లోకి సూదిమందు వేద్దామంటే సరేనంది. అక్కడితో కథ అయిపోవాలి. కానీ నేను బస్సులో ఈ సూదుల మీద ఫోన్లో వీడియోలు చూసి ఉన్నాను.

"దేంట్లో చూస్తా సూది వేస్తారు సార్? అల్ట్రాసౌండా, ఎక్స్‌రేనా, సీటీ స్కానా?" అన్నాను, చేపలు బేరమాడేవాడిలా.

"ఎక్స్‌రే. ఎముక బాగా కనపడుతుంది."

"అల్ట్రాసౌండుకి రేడియేషన్ ఉండదు గదా సార్?"

"ఉండదు. లోతున్న కీలు మాత్రం అంత తేటగా కనపడదు. సీటీలో ఇంకా తేట, రేడియేషనూ ఎక్కువే. ఏదైనా చెయ్యి అలవాటు ముఖ్యం బాబూ. నా చేతికి ఇది అలవాటు."

చాలదూ? నేను అమ్మ వైపు తిరిగాను. "అంటే అమ్మా, అల్ట్రాసౌండు బురదగుంటలో రొయ్యని చూడ్డం. ఎక్స్‌రే నీళ్ళు తోడేసి చూడ్డం. సీటీ అంటే రొయ్యని కోసి చూడ్డమే. కాకపోతే ఈ ఎక్స్‌రే కిరణాలు ఒళ్ళంతా దూసకపోతాయి."

అమ్మ సంచీ జిప్పు లాగింది. "పద ఇంటికి."

"ఏందమ్మా?"

"నన్ను రొయ్యని జేస్తివి, కిరణాలంటివి. నా నొప్పి నాకే ఉండనీ నాయనా."

గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. మా అమ్మకి నడుమునొప్పి మీద కొడుకుపోటు. డాక్టరుగారు నన్నొక చూపు చూశారు. దానికి ఏ మిషనూ అక్కర్లేదు, సూటిగా ఎముకకే తగిలింది.

"అది కాదమ్మా, కొంచెమే. ఏం గాదు."

"ఏం గాదా? అయితే నువ్వు గూడా లోపలికి రా."

"మామూలుగా రానివ్వం," అన్నారు డాక్టరుగారు. "భయపెట్టింది నువ్వే గనక రా. దూరంగా నిలబడు, మాట్లాడకు."

కిరణాలు తగలకుండా నర్సక్క నాకు సీసం కోటు తొడిగింది. తడిసిన వడ్లబస్తా భుజానెత్తినట్టుంది.

"బరువా?"

"ఇదా అక్కా? దీంతో పరుగెత్తమన్నా పరుగెత్తుతా."

అమ్మ బోర్లా పడుకుంది. తెర మీద ఎముకలు, వాటి వైపు పోతున్న సూది. కళ్ళు తిరిగి పడిపోయాననుకుంటున్నారేమో, అంత తేలిగ్గా పోలేదు. బాగా చూద్దామని ఆ కోటు బరువుతోనే ముందుకు వంగాను. నడుములో టక్కుమంది. గది అదిరేలా కేక పెట్టాను.

"ఎవురురా అరిచింది? నాకైతే చీమ కుట్టినట్టు గూడా లేదే!" అంది అమ్మ.

"మీవాడేనమ్మా. కదలొద్దు, అయిపోవచ్చింది," అన్నారు డాక్టరుగారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

కాసేపు పడుకుని లేచి అమ్మ నడిచొచ్చింది. నేను చక్రాల కుర్చీలో వచ్చాను. "సార్, మరి నాకు దేంట్లో చూస్తా వేస్తారు?"

"నీకు కండరం పట్టింది. వేణ్ణీళ్ళ కాపడం చాలు."

మేలు పొందినవాళ్ళు ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పడం మా అలవాటు. ఆ ఆదివారం అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది.

"ప్రభువు నా నడుమునొప్పి తీసేసినాడు."

"ఆమేన్!" అన్నారందరూ.

"తీసి మా అబ్బయకి పెట్టినాడు."

ఈసారి ఆమేన్‌కి పైకప్పు రేకులు అదిరాయి. వెనక బెంచీ మీద అడ్డంగా ఒరిగి ఉన్న నేనూ అనక తప్పలేదు.

ఆ బెంచీ మీదే, లేవలేని స్థితిలో, గంభీరంగా ప్రమాణం చేశాను: ఇకమీదట డాక్టరు ఎదుట నోరు తెరిస్తే నాలుక చూపించడానికే.