సారు ఖాళీ చేసిన లైను

మా కంప్యూటరు సారు పోయారని అనంతపురం నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. మట్టి చేయడం కూడా అయిపోయిందట. ఫోన్ పెట్టేశాక ఎవరితో చెప్పుకోవాలో తోచలేదు. ఆయన్ని ఎరిగినవాళ్లు నా చుట్టూ ఎవరూ లేరు.

ఎనభైల చివర్లో విడపనకల్లు వేరుశనగ కొనుగోలు కేంద్రంలో నేనొక్కదాన్నే ఉద్యోగిని. ఆ రోజు ధర అనంతపురం ఆఫీసు కంప్యూటరు నుంచి టెలిఫోన్ లైను మీద నా తెరకు రావాలి. వస్తేనే కొనడం. రాకపోతే, వానల్లేని ఏడాది పండిన ఆ కాసిని మూటలతో రైతులు ఎండలో పడిగాపులు కాసేవాళ్లు. "ధర ఇంగా రాల్యామ్మా?" అని అడుగుతుంటే తలెత్తలేకపోయేదాన్ని. పొద్దు వాలితే దళారికి అడిగినంతకే ఇచ్చేసి పోయేవాళ్లు. కొనుగోళ్లు లేవని కేంద్రం మూసేస్తారన్న మాటా వినబడింది.

ఆ కంప్యూటరు ఒకేసారి నలుగురినే రానిచ్చేది. ఒక చోటు ఆ కంప్యూటరు చూసుకునే సారుది, తక్కినవి మూడు కేంద్రాలవి. ఆ కేంద్రాలవాళ్లు పొద్దున్నే లైను ఎక్కి, పనైపోయినా దిగేవాళ్లు కాదు, బస్సు సీటు మీద తువ్వాలు వేసి పట్టుకున్నట్టు. ఐదో చోటు నాకు కావాలి. సారు సిస్టంలో నాలుగును ఐదు చేసి, మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేశారు. మెమరీ చాలక అందరి తెరలూ బిగుసుకుపోయాయి. మేనేజరుతో చీవాట్లు తిని మళ్లీ నాలుగే చేశారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశారు.

"బాయిలో నీళ్లు జూసి మోట కట్టల్లమ్మా. ఐదు పెట్టేకి కాదు. అయినా రేపట్నుంచి నీకు దొరుకుతాది."

దొరికింది. రైతులు నిలిచారు, కేంద్రమూ నిలిచింది. రోజూ తెర తెరవగానే ఆయన రాసి ఉంచిన ముక్క కనబడేది, ఇంగ్లీషు అక్షరాల్లో: అన్నం తింటివామ్మా. భార్య పోయాక ఒంటరిగా వండుకు తినే మనిషి. తిన్నానని రాసేదాన్ని. నేను దిగాకే ఆయన అది చదివేవారు. ఇద్దరం ఒకేసారి లైనులో ఎన్నడూ లేము.

ఒకసారి నా బదులు ఆఫీసు పంపిన మనిషిని కేంద్రంలో ఉంచి ఆఫీసుకు వెళ్లాను. సారు నల్లటి తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పని లేదా సార్ అన్నాను.

"నా చోటే గదమ్మా నీకిచ్చింది. ఆడ రైతులు పొయ్యేదాకా నాకీడ పనిల్యా."

నాకు ఏడుపొచ్చింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. విడపనకల్లులో ఆఖరి మూట తూగి లైను ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఆ నల్లతెరనే చూస్తూ ఉండిపోయాం.