తుంగతో బేరం

మొన్న మా అపార్ట్‌మెంట్ ముందు, నేలమీద పాకే పూలతీగలు నాటబోతూ తోటమాలి ముందుగా మట్టిమీద నల్లటి గుడ్డ పరిచాడు. గడ్డి పైకి రాకుండానట. పాలప్యాకెట్టు చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

తొంభైల చివర, అమ్మ పోయిన ఏడు, మా ఊళ్లో మాది పురుగుమందుల కొట్టు. పత్తికైనా మిరపకైనా మా దగ్గర లేని మందు ఉండదని నమ్మిన ఇల్లు. కొట్టు మెట్ల పక్కన నూనెడబ్బాల్లో అమ్మ గడ్డిగులాబీలు పెంచేది. తర్వాత నీళ్లు పోసే చెయ్యి లేక అన్నీ ఎండిపోతే, బతికున్న ఒక్క డబ్బాలోని తీగను సమాధుల తోటకు తీసుకెళ్లి అమ్మ మట్టిమీద నాటాను. ఏడుపైతే రాలేదు, ఆ పని మాత్రం చేశాను.

తీగ మట్టినంతా కప్పింది. దాని సందుల్లోంచి తుంగ అనే మొండి కలుపూ లేచింది. సమాధుల పండగ పది రోజుల్లో ఉందనగా, మిరపచేలల్లో కలుపు తీసే పిన్నిని, అంటే ప్రార్థనకు అమ్మతో కలిసి వెళ్లే ఆవిణ్ణి, పిలిచాను. మూడు పొద్దులు పడుతుందంది. ఒక్క పొద్దులో కానిమ్మన్నాను. బేరమాడకపోతే మా ఇంట్లో తిన్నది అరగదు.

"పైన పీకితే ఏమొస్తది నాయనా, కింద దుంపుంటది. తీగ ఎత్తిపట్టుకుని వేళ్లతో తవ్వాల. అయినా మీ అమ్మ దగ్గరా బేరమేనా?"

నవ్వేసి, ఆ ఒక్క పొద్దు కూలీ మిగుల్చుకుందామని కొట్టులోంచి గడ్డిమందు తెచ్చి, తుంగకే తగిలేటట్టు గురిచూసి కొట్టాను. గాలి చూసుకుని కొట్టండని రైతులకు రోజూ చెప్పే నోరే నాది. పండగనాటికి తుంగా తీగా కలిసి మాడిపోయాయి. చుట్టూ అందరి సమాధుల మీదా పూలూ కొవ్వొత్తులూ ఉంటే అమ్మది బోడిగా, శుభ్రంగా ఉంది. పిన్ని తను తెచ్చిన కొవ్వొత్తిని ఆ మట్టిలో గుచ్చి వెలిగించింది. రెండు తిట్టినా బాగుండేది. ఆ తర్వాతి తుఫాను వానలకు తుంగ ఒక్కటే తిరిగొచ్చింది.

కొట్టు ఎత్తేశాం, పిన్నీ పోయింది, అమ్మ సమాధికి గ్రానైటు వేయించాం. మొన్న ఈ తోటమాలి మూడు రోజుల పనన్నాడు, సరేనన్నాను. బేరమాడనివాణ్ణి చూసి అనుమానపడ్డట్టున్నాడు, ఇంకోసారి చెప్పాడు.

అమ్మ సమాధి రాళ్ల అతుకులోంచి ఏటా రెండు తుంగపోచలు లేస్తాయి. నేను పీకను. అమ్మ తీగతో కలిసి పెరిగినవాటిలో మిగిలింది ఇక అదొక్కటే.