ఆరుగురికీ ఒక్క కార్డు

మెంగ్ జొంగ్దల్ హావొన్ నగరంలో ముప్పై ఏడో నంబరు బస్సు నడపబట్టి పంతొమ్మిదేళ్లయింది. అంతకు ముందు బొగ్గుబిళ్లల లారీ నడిపాడు. ఇళ్లలో బొగ్గు కాల్చేవాళ్లు తగ్గిపోయాక సియోల్ ఎక్స్‌ప్రెస్ బస్సుకి మారాడు. అక్కడ జీతం బాగుండేది కానీ వెనక కూర్చున్న నలభై మందిలో ఒక్కరి మొహమూ గుర్తుండేది కాదు. మనుషుల్ని మోస్తున్నాడో సంచుల్ని మోస్తున్నాడో తెలియని ఉద్యోగమది. దాన్ని వదిలి కొండదారి బస్సు అడిగి పుచ్చుకున్నప్పుడు భార్య హ్యాంగ్‌సిమ్ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. మాట్లాడకపోయినా బాగుండేది.

"అందరూ చిన్న బస్సు నుంచి పెద్ద బస్సుకెళ్తారు. నువ్వు వెనక్కి నడుస్తున్నావు. చూసుకో, గోడ తగులుతుంది."

ఆ బస్సు రైల్వే స్టేషన్ దగ్గర బయల్దేరి, మార్కెట్ మీదుగా నూల్జే కనుమ ఎక్కి, అవతలి లోయలో బమ్‌గొల్ దాకా వెళ్తుంది. ఇరవై రెండు కిలోమీటర్లు, రోజుకి ఆరు ట్రిప్పులు. ఆ లోయకి వేరే బస్సు లేదు. బమ్‌గొల్ ఆడవాళ్లు మిరపకాయలు, సోయా మొలకలు, నూనె సీసాలు మూటగట్టుకుని మార్కెట్‌కి వచ్చేది, మోకాళ్ల నొప్పులకి ఆస్పత్రికి వచ్చేది ఈ బస్సులోనే.

వాళ్లకి ఒక జబ్బుంది. పక్కమనిషి ఛార్జీ తనే ఇవ్వాలి. కడుపునిండా తిన్నాక బిల్లు దగ్గర ఒకళ్ల చేతులొకళ్లు విరుచుకోవడం అందరూ చేసేదే. వీళ్లు ఆ యుద్ధాన్ని బస్సు మెట్ల మీదికి తెచ్చారు.

"తియ్యి చెయ్యి! నిన్న నువ్వే కదా వేసింది!"

"నిన్నటిది నిన్నే పోయింది. డ్రైవరయ్యా, ఆరుగురికి కొట్టు, నా కార్డు మీద."

"కొట్టావంటే చూడు! రేపట్నుంచి నీకు చిలగడదుంప ముక్క కూడా దక్కదు!"

"తేల్చుకోండి అవ్వలారా. ఈలోపు నేను దిగి ఒక కునుకు తీసొస్తా" అనేవాడు జొంగ్దల్. ఎవరో ఒకరు గెలిచేవాళ్లు. అతను ఆరు అంకె నొక్కేవాడు. మిషను ఒక్కసారి కూసేది. ఆరుగురూ తిట్టుకుంటూ వెళ్లి కూర్చునేవాళ్లు.

ఎక్కువసార్లు గెలిచేది బొంగ్ ఒక్‌బున్. డెబ్బై ఒక్కేళ్లు, పిడికెడు మనిషి, మోచేతులు మాత్రం గునపాలు. మొగుడు పోయిన చలికాలమంతా ఇరుగుపొరుగు పెట్టిన కిమ్చీ, అదే కాబేజీ ఊరగాయ, తిని బతికిందట. "ఆ ఉప్పు ఇంకా నాలుక మీదే ఉంది. మీరు నోరు మూసుకుని ఎక్కండి" అనేది.

ఇలా సాగుతుండగా నగరానికి వేగం పట్టుకుంది. నడిరోడ్డున రెండు వరసలకి ఎర్రరంగు పూసి, రోడ్డు మధ్యలో అద్దాల స్టాపులు కట్టి, బీఆర్‌టీ అని పేరు పెట్టారు. మొదటి దారి పూర్తయ్యాక రెండోది మొదలైంది. అది ఊరికి తూర్పున కడుతున్న కొత్త టెర్మినల్ దాకా వెళ్తుంది. అక్కణ్ణుంచి తేజన్‌కి పావుగంటకో బస్సు, సియోల్‌కి ఇరవై నిమిషాలకొకటి, బుసాన్‌కి గంటకొకటి. 'హావొన్: అన్నిటికీ దగ్గర' అని ప్రతి స్తంభానికీ పోస్టరు కట్టారు. ఎవరికి దగ్గరో రాయలేదు. కొత్త దారికి బస్సులూ డ్రైవర్లూ కావాలి కాబట్టి పదకొండు పాత రూట్లని తూకం వేస్తామన్నారు. నవంబరులో రెండు వారాలు లెక్కపెడతారు. రోజుకి సగటున నలభై మంది ఎక్కకపోతే రూటు రద్దు.

బమ్‌గొల్ గ్రామపెద్ద గూ తెసిక్ ఆ సాయంత్రమే ఊరి మైకు అందుకున్నాడు. "అందరూ వినండి. పని లేకపోయినా బస్సెక్కండి. అందరూ కార్డులు కొనుక్కోండి. పన్ను నొప్పి ఉన్నవాళ్లు ఈ రెండు వారాల్లోనే పీకించుకోండి. లేనివాళ్లు ఉందనుకోండి."

ఎక్కారు. అది ఊళ్లోవాళ్లంతా ఒకళ్లకొకళ్లు సాయంపట్టి ఏడాదికి సరిపడా కిమ్చీ పెట్టుకునే కాలం. పొలాల్లో కాబేజీని మంచు కొరుకుతున్నా వదిలేసి ఎక్కారు. పదేళ్లుగా లోయ దాటని ముసలాళ్లు కూడా కోటు వేసుకుని ఎక్కారు. స్టేషన్ దాకా వెళ్లి, తలా ఒక కప్పు నూడుల్స్ తిని, అదే బస్సులో తిరిగొచ్చారు. బస్సంతా కమలాతొనల వాసన, నవ్వులు. జొంగ్దల్‌కి కనుమ మీద గేరు మారుస్తుంటే బస్సు బరువు అరచేతికి తెలిసేది. ఆ బరువు అతనికి ఇష్టంగా ఉండేది.

ఊరికోసం ఎక్కుతున్నారు కాబట్టి ఛార్జీల యుద్ధం రెట్టింపయింది. "ఇవాళ బస్సు నాది!" అని ఒక్‌బున్ నూనె అమ్మిన డబ్బంతా కార్డులో వేయించుకొచ్చింది. ఒక్క కార్డు మీద ఎనిమిది మంది, పదకొండు మంది. జొంగ్దల్ హుషారుగా అంకెలు నొక్కాడు. మిషను కూస్తూనే ఉంది. ఆఖరి రోజున యేసానామె (యేసాన్ నుంచి కాపురానికొచ్చి నలభై ఏళ్లయినా ఆమె పేరదే) ఒక్‌బున్‌ని పక్కకి నెట్టి పద్నాలుగు మందికి వేసి, బస్సంతా చప్పట్లు కొడితే తలవంచి దణ్ణం పెట్టింది.

డిసెంబరులో నగర కార్యాలయంలో సమావేశం పెట్టారు. జొంగ్దల్ సెలవు పెట్టుకుని వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. రవాణా శాఖ కుర్రాడు చాలా మర్యాదస్తుడు. ప్రతి అంకెకీ ముందు ఒకసారి వంగేవాడు.

"ముప్పై ఏడో నంబరు. రోజుకి సగటున పద్నాలుగు మంది."

గూ తెసిక్ లేచాడు. "నాయనా, ముందు ఒకటి రాయడం మర్చిపోయావేమో చూడు. మేం నిలబడటానికి చోటులేక ఒకళ్ల కాళ్లొకళ్లం తొక్కుకున్నాం."

"కార్డుకి ఒక మనిషి, పెద్దాయనా. ఒకే కార్డు మీద ఎక్కిన మిగతావాళ్లు ఎక్కడ దిగారో, ఇంకో బస్సు ఎక్కారో లేదో మాకు తెలీదు. అందుకని సర్వేలో వాళ్లని తీసుకోలేదు."

యేసానామె కుర్చీ వెనక్కి తన్నేసి లేచింది. "ఛార్జీ పుచ్చుకునేటప్పుడు పద్నాలుగు మందిమి, లెక్కపెట్టేటప్పుడు ఒక్కరమా? ఏం బాబూ, మా కాళ్లకి తగిలిన బురద కూడా ఒక్కరిదేనా?"

"క్షమించాలి. ఈ పద్ధతి సంగతి బస్సు కంపెనీకి ముందే తెలియజేశాం" అని కుర్రాడు మళ్లీ వంగాడు.

ఆ మాట వినగానే జొంగ్దల్ లేచాడు. తిన్నగా డిపోకి వెళ్లాడు. బోర్డుకి సర్వే నోటీసు కాగితం ఇంకా వేలాడుతూనే ఉంది. మూడు పేజీలు. నాలుగో అంశం: ఒకరి కార్డు మీద పలువురు ఎక్కినచో సర్వేలో లెక్కకు రారు, డ్రైవర్లు ఈ సంగతి ప్రయాణికులకు చెప్పవలెను. చివర 'చదివాను' అన్న గడిలో అతని సంతకం. తొమ్మిదీ పది ట్రిప్పుకి ఆలస్యమవుతుంటే చెయ్యి చాపి గోడమీదే గీకి పారేసిన సంతకం. పంతొమ్మిదేళ్లలో అలాంటివి వందలు గీకాడు. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఎవరూ చదవరు. చదవరని రాసేవాళ్లకీ తెలుసు. సంతకం మాత్రం కావాలి.

బమ్‌గొల్‌లో వారం తిరక్కుండానే నేరస్థురాలు దొరికింది. నగర కార్యాలయం మీద కోపగించుకోవాలంటే ఇరవై రెండు కిలోమీటర్లు వెళ్లాలి. ఒక్‌బున్ ఇల్లు పక్కనే ఉంది.

"నేనంటే నేనని మెడ చాచింది. బస్సుని మింగేసింది" అంది యేసానామె, తను వేసిన పద్నాలుగూ ఎవరికీ గుర్తు లేనట్టు. అందరికీ గుర్తుంది. కానీ అందరూ ఎప్పుడో ఒకప్పుడు వేసినవాళ్లే. ఎక్కువ వేసిన మనిషి మీదికి తోసేస్తే మిగతావాళ్లకి నిద్ర పడుతుంది. ఆ ఏడు ఒక్‌బున్ ఇంట్లో కిమ్చీ పెట్టడానికి ఒక్కరూ రాలేదు. మంచు తిన్న కాబేజీని ఆమె ఒక్కతే కోసుకుని, ఒక్కతే ఉప్పులో వేసుకుంది.

రూటు జనవరి నెలాఖరుదాకా నడిచింది. బస్సు మెట్ల మీద యుద్ధం ఆగిపోయింది. ఒక్కొక్కరే ఎక్కి, ఎవరి కార్డు వాళ్లు ఆనించి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి కూర్చునేవాళ్లు. ఒక కూత, ఇంకో కూత, మరో కూత. జొంగ్దల్ వద్దనుకుంటూనే లెక్కపెట్టేవాడు. ఒకరోజు నలభై మూడు. సంతరోజున యాభై ఆరు. లెక్క ఇప్పుడు సరిగ్గా వస్తోంది. పుచ్చుకునేవాళ్లే లేరు.

ఒక ఆదివారం అతను గూ తెసిక్ ఇంటికి వెళ్లి నేలమీద మోకాళ్లు ముడిచి కూర్చున్నాడు.

"పెద్దాయనా, తప్పు నాది. డిపోలో కాగితం పెట్టారు. చదవకుండా సంతకం పెట్టాను. చదివుంటే ఒక్క మాట చెప్పేవాణ్ణి, తలా కార్డూ వేసుకునేవాళ్లు. ఒక్‌బున్ అవ్వ తప్పేమీ లేదు."

గూ తెసిక్ పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. "ఇంకెవరికైనా చెప్పావా తమ్ముడూ?"

"లేదు."

"చెప్పకు."

"అదేంటి?"

"అనాల్సినవన్నీ అనేశారు ఆమెని. ఇప్పుడు నువ్వొచ్చి తప్పు నాదంటే ఇరవై ఇళ్లవాళ్లు వెళ్లి ఆమె ముందు తలొంచాలి. ఎవరు వంచుతారు, యేసానామె వంచుతుందా? వంచలేరు. వంచలేక ఆమె మీద ఇంకా మండుతారు. నువ్వు ఫిబ్రవరి నుంచి ఇటు రావు. ఆమె ఇక్కడే ఉండాలి."

మాట నిజమే అనిపించింది జొంగ్దల్‌కి. మనకి పనికొచ్చే మాట ఎప్పుడూ నిజంలాగే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు గుండె తేలికైంది. తేలికైనందుకు తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకున్నాక మరికాస్త తేలికైంది.

కంపెనీ అతనికి బీఆర్‌టీ బస్సే ఇచ్చింది. మధ్యలో తిత్తితో రెండు బస్సులు అతికించినంత పొడుగుది. అనుభవస్థుడని ఏరి మరీ ఇచ్చారు. హ్యాంగ్‌సిమ్ మొదటిసారి అతని యూనిఫారం ఇస్త్రీ చేసి పెట్టింది. "కాస్త నవ్వచ్చుగా? చావు ఇంటికెళ్తున్నట్టున్నావు" అంది. అతను నవ్వాడు.

ముప్పై ఏడో నంబరు ఆఖరి ట్రిప్పు మధ్యాహ్నం మూడింటికి మార్కెట్ దగ్గర నిండింది. ఎవరి కార్డు వాళ్లు ఆనించారు. ఒక్‌బున్ అందరికంటే చివర ఎక్కి, తన కార్డు ఆనించి, డ్రైవరు వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉన్నా, వెనక నలుగురు నిలబడే ఉన్నారు. రేపట్నుంచి ఆమె మార్కెట్‌కి రావాలంటే కనుమ దాటి పెద్దరోడ్డు దాకా ఏడు కిలోమీటర్లు నడవాలి. లేకపోతే నూనె డబ్బు టాక్సీవాడికి ఇవ్వాలి.

బస్సు కనుమ ఎక్కింది. పైకి వచ్చాక ఒక్‌బున్ ముందుకి వంగింది.

"డ్రైవరయ్యా."

"చెప్పవ్వా."

"నువ్వు రోజూ చూశావు. నీకంటే ఎవరికి తెలుసు? ఉన్నమాట చెప్పు, నేనేం అనుకోను. నా వల్లేనా పోయింది బస్సు?"

జొంగ్దల్ అద్దంలోకి చూశాడు. వెనకవాళ్లంతా కిటికీల్లోకి చూస్తున్నారు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. యేసానామె సంచీ పట్టీని చేతికి చుట్టుకుంటోంది. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగూ నోటిదాకా వచ్చి ఉన్నాయి.

"మలుపొస్తోంది అవ్వా, గట్టిగా పట్టుకో" అన్నాడు.

ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. మలుపు ఇంకా అర కిలోమీటరు దూరంలో ఉంది.