మూడో పిలుపు

మా బడిలో లెక్కలు చెప్పడానికి నేనున్నాను, పొలం చెప్పడానికి కనక ఉంది. ఆమెకి డిగ్రీ లేదు, స్టాఫ్‌రూంలో కుర్చీ కూడా లేదు. శనివారం మధ్యాహ్నం పిల్లలని వెంటేసుకుని కొండవాలులో ఉన్న తన రాగి చేనికి, ఆమె మాటల్లో చోళ్ల చేనికి, తీసుకెళుతుంది. తోడుగా నేనూ వెళతాను. మందు కొట్టేటప్పుడు గాలికి ఎటు నిలబడాలో, కొడవలి ఎలా అందించాలో, కాఫీ చెట్ల కింద ఆకుల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో ఎందుకు కదపాలో చెబుతుంది. నా పాఠానికి ఆవులించే పిల్లలు ఆమె ముందు నోళ్లు తెరుచుకుని వింటారు. నాకు కాస్త కుళ్లేలెండి.

ఒళ్లు మండేది మాత్రం చేలోంచి తిరిగి బయల్దేరే ముందు ఆమె వేసే హాజరుకి. ఒక్కొక్క పేరూ మూడేసిసార్లు పిలుస్తుంది. పిల్లలూ అంతే, ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తూ కూడా మూడో పిలుపు దాకా నోరు మెదపరు. అక్కడ నా చింతపల్లి జీపు వెళ్లిపోతూ ఉంటుంది.

"ఇదేం చోద్యం కనకా?" అన్నానొకసారి.

"కొండ ఒక్కపాలే పిలుత్తాది మేడం, పలికితే లాక్కుపోతాది. మనిసైతే మూడుసార్లు పిలుత్తాడు. మా ముసిలోల్లు సిన్నప్పుడే నేర్పుతారు" అంది.

తర్వాత తన చెల్లెలి సంగతి చెప్పింది. వాళ్ల నాన్న అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టేవాడట. ఒక సాయంత్రం కరెంటు ఇవ్వబోతూ "చిన్నమ్మలూ" అని ఒక్క కేక వేశాడు. జవాబు లేదు. పిల్ల ఇంటికెళ్లిపోయిందనుకుని కరెంటు ఇచ్చేశాడు. ఆ పిల్ల చేలోనే, తీగ పక్కన కూర్చుని, బుద్ధిగా మూడో పిలుపు కోసం చూస్తోంది.

"పెద్దోల్ల మాట ఇన్నాది మేడం. ఇనబట్టే పోనాది" అంది కనక. ఆ తర్వాత నేనెప్పుడూ జీపు మాట ఎత్తలేదు.

కిందటి చలికాలంలో ఒక శనివారం పాఠం కాస్త సాగింది. పొద్దు వాలకముందే మంచు కమ్మేసింది. పక్క చేను ఫల్గుణది. అతనూ పందులకి తీగ కడతాడు. పిల్లలు వెళ్లారని తను కేకేసేదాకా కరెంటు ఇవ్వనని కనక అతని చేత ఒట్టు వేయించుకుంది.

పిల్లలందరూ పలికారు. చిట్టి ఒక్కతే మిగిలింది.

"చిట్టీ!"

"ఓయ్!"

కింద పారే గెడ్డ వైపు నుంచి, మంచులోంచి, స్పష్టంగా ఆడపిల్ల గొంతు.

"గుంట పలికినాది గదేటి!" అన్నాడు పక్క చేలోంచి ఫల్గుణ. "కింద దారి పట్టీసినట్టుంది. కరెంటు ఇచ్చీమంటావా?"

హమ్మయ్య అనుకుని నేను సంచి భుజానికేసుకున్నాను. పిల్లలు మాత్రం కదల్లేదు. ఒక పిల్ల నా కొంగు పట్టుకుంది.

"మేడం, చిట్టి మొదటిపాలికి పలకదు."

నేను సంచి కింద పెట్టేశాను.

"తీగ ముట్టుకోకు మామా!" అని అరిచింది కనక. మళ్లీ పిలిచింది. "చిట్టీ!"

"ఓయ్!" అదే గొంతు, గెడ్డ వైపు నుంచే. ఈసారి అందులో నవ్వుంది.

"చిట్టీ!"

మూడోసారి రెండు గొంతులు పలికాయి. ఒకటి గెడ్డ దగ్గర, రెండోది ఫల్గుణ చేలో.

"ఇక్కడున్నానత్తా! సెప్పు ఊడిపోనాది!"

పరుగెత్తాం. చిట్టి తీగ పక్కనే వంగి చెప్పు వెతుక్కుంటోంది. దాన్ని లాగి గుండెకి హత్తుకున్నాను. ఫల్గుణ తీగ మొత్తం పీకి చుట్టేశాడు. మళ్లీ కట్టలేదు.

కనక మా వైపు రాలేదు. గెడ్డ కేసి తిరిగి నిలబడి ఉంది. చెంపలు తడిసిపోయాయి.

"చిన్నమ్మలూ" అంది. "ఇప్పుడు మొదటి పిలుపుకే పలకడం నేర్సుకున్నావేటే?"

కొంగుతో చెంపలు తుడుచుకుంది.

"ఇన్నాల్లూ నీ గొంతు ఇనాలనే ఏడిసినానే. అయినా ఇంక పలక్కు తల్లీ. ఈ గుంటల్ని పలకనీ."

ఇప్పటికీ ప్రతి శనివారం కనక పేరుపేరునా మూడుసార్లు పిలుస్తుంది. ఆఖరి పిల్ల పలికాక కూడా గెడ్డ వైపు చెవి పెట్టి కాసేపు నిలబడుతుంది. నేనూ నిలబడతాను.

అటు నుంచి మళ్లీ ఎవరూ పలకలేదు. చిన్నమ్మలు పెద్దవాళ్ల మాట వినే పిల్ల.