మోచేతికీ పర్మిషనే

అనుమతి అడగకుండా మామయ్య ఏ పనీ చెయ్యడు. లిఫ్టు ఎక్కేముందు లోపలున్న వాళ్ళని అడుగుతాడు. లోపలెవరూ లేకపోతే, మర్యాదకి కాస్త ఆగి ఎక్కుతాడు. అపార్టుమెంటులో అందరూ ఆయన్ని పర్మిషన్‌గారు అంటారు. అలా పిలవడానికి మాత్రం ఆయన అనుమతి ఎవరూ తీసుకోలేదు.

ఆయనకి కెమెరా లేదు. ఇతరులు తీసిన వీడియోలు కత్తిరించి అతకడమే పని. అపార్టుమెంటు వార్షికోత్సవానికి చిన్న సినిమా చెయ్యమని సెక్రటరీ అప్పగించాడు. మామయ్య ఇంటింటా పాత పుట్టినరోజుల వీడియోలు పోగుచేసి గారడీ చేశాడు. కింద ఫ్లాటు పిల్ల ఊదితే పై ఫ్లాటు తాతగారి కొవ్వొత్తి ఆరిపోతుంది. ఒకరి హాల్లోంచి లోపలికెళ్ళినావిడ, ఏళ్ళ తర్వాత ఇంకొకరి వంటింట్లోంచి బయటికొస్తుంది. అది చూసి మేనకోడలు పడీపడీ నవ్వింది. విడాకులయ్యాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. సెలవు రోజున తన గదిలో ఉండలేక ఆయన గదికి వచ్చి కూర్చుంటుంది. అదీ ఒంటరి గదే. కాకపోతే ఇక్కడ కుర్చీలు రెండు.

చిక్కంతా అనుమతుల దగ్గరే వచ్చింది. వీడియోలు ఇచ్చినవాళ్ళు ఒప్పుకుంటే చాలదు, వెనకాల కనబడిన వాళ్ళందరూ ఒప్పుకోవాలి.

"ఆ మోచెయ్యి నాదేనని ఏంటి నమ్మకం?" అన్నాడు వాచ్‌మన్.

"చొక్కా మీదేగా."

"అయితే చొక్కాని అడగండి సార్!"

సెక్రటరీ ఫోన్ చేశాడు. "రేపే ప్రదర్శన. ఈ సాయంత్రానికి అందకపోతే స్టూడియోవాళ్ళకి ఇచ్చేస్తా. వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగరు."

"వాళ్ళు ఫొటోలు గిరగిరా తిప్పి పూలు చల్లుతారమ్మా," అన్నాడు మామయ్య ఫోన్ పెట్టేసి, మేనకోడలితో దిగులుగా.

మేనకోడలు తన ఆఫీసు లాయరుని అడిగి కనుక్కుంది. "కాస్త ముక్క తీసుకుని కొత్త పని చేస్తున్నాం, వ్యాపారానికి కాదు. దీనికి ఇందరిని అడగక్కర్లేదట మామయ్యా."

"మంచిమాట. ఇది నాతో చెప్పచ్చా అని ఆయన్ని అడిగావా?"

ఇక మిగిలింది మూడో అంతస్తు దర్జీ ఒక్కడే. తొందరపెడదామని ఆమే వెంట వెళ్ళింది.

కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. సింకు పక్కన ఒకే కంచం. మామయ్య లాప్‌టాప్ తెరిచాడు. ఎవరిదో పుట్టినరోజు. కేకు ప్లేట్లతో వెళ్తున్న ఒకావిడ కెమెరా వైపు తిరిగి, "నన్నెందుకు తీస్తావ్, పిల్లని తియ్యి!" అని కసిరింది.

దర్జీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సరిగ్గా కనబడలేదు."

మామయ్య మళ్ళీ వేశాడు.

"ఆ జాకెట్టు చేతులు పొడుగు కుట్టానని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు మా ఆవిడ. ఏదీ, ఇంకోసారి?"

"మరి వాడుకోమంటారా అంకుల్?" అంది మేనకోడలు.

"అంత తేలిగ్గా ఎలా చెప్తానమ్మా? ఆలోచించుకోవాలి. రేపు రండి."

"నిన్న కూడా ఇలాగే అన్నారట?"

"మొన్న కూడా అన్నాను," అన్నాడాయన హుందాగా.

మెట్లు దిగుతూ ఆమె ఆగింది. "అడగక్కర్లేదని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు. ఊరికే వెళ్ళి తలుపు కొడితే ఎందుకొచ్చావంటారు."

"ఆ ముక్కేదో ఆయనకే ఇచ్చేయొచ్చుగా?"

"మొదటిరోజే ఇచ్చాను. ఒక్కడినే చూడలేనన్నాడు."

గదికొచ్చి ఆ ముక్క తీసేశాడు. అడిగాక ఎదుటివాళ్ళ మాట దాటకూడదట.

"మరి రేపు మళ్ళీ వెళ్ళడం దేనికి?"

"వచ్చే ఏడాది సినిమాకి. ముందుగా అడగాలి కదా!"

సినిమాలో అంత మేర ఖాళీ పడింది. మామయ్య ఇంకో ముక్క తీశాడు. ఎవరింట్లోనో వేడుక. గుమ్మం బయట మెట్టు మీద ఒక చిన్నపిల్ల, కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కోవాలని తంటాలు పడుతోంది. పక్కన సన్నటి కుర్రమామయ్య రెండో చెప్పు పట్టుకుని, ఆ పిల్ల అడగకుండా ఇవ్వచ్చో లేదోనని నించుని ఉన్నాడు.

"ఇది నువ్వే. వాడుకోనా?"

ఫోన్ మోగింది. సెక్రటరీ.

"ఎత్తనా?" అన్నాడు మామయ్య.

"ఎత్తు. పంపేస్తున్నామని చెప్పు." ఆమె రెండో కుర్చీ దగ్గరికి లాక్కుంది. "పంపేలోగా ఇంకోసారి వెయ్యి మామయ్యా. సరిగ్గా కనబడలేదు."