మీ దేశం ఆపిలా, మా దేశం ఆపిలా

మా మావగారు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన ప్రాణస్నేహితుడిది యానాం. నేను బాబాయిగారని పిలుస్తాను. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు కదా, తండ్రి పుణ్యమా అని ఆయన ఫ్రెంచి పౌరుడు. ఓటు కూడా ఆ దేశానికే వేస్తారు, ఆ దేశం మొహం మాత్రం ఒక్కసారీ చూడలేదు. మావగారు కాశ్మీరు ఎంత చూశారో, ఆయన ఫ్రాన్సు అంతే చూశారు.

కాకినాడ కాలేజీ నాటి స్నేహం వాళ్ళది. అత్తయ్యగారు పోయాక మావగారు మనసు విప్పి మాట్లాడేది పొద్దున్న కాఫీ వేళకి యానాం నుంచి వచ్చే ఫోన్‌లోనే. మాతో అయితే "ఊఁ", "సరే", అంతే.

అలాంటి స్నేహాన్ని ఒక ఆపిల్ పండు చెడగొట్టింది. కోసి పెట్టిన మహాతల్లిని నేనే. ఆ రోజు బాబాయిగారు మా ఇంటికి వచ్చారు. పండు మీది స్టిక్కర్ తీసెయ్యాలని నాకు తోచలేదు. సరిగ్గా ఆ ముక్కే ఆయన చేతికి వెళ్ళింది. దాని మీద ఏదో పైదేశం పేరు!

"చూశావురా! ఇంత దేశం పెట్టుకుని ఆపిల్ కూడా బయటి నుంచే తెచ్చుకోవాలి మీరు. మా ఫ్రాన్సు వాళ్ళయితే తిన్నంత తిని, మిగిలింది పక్క దేశాలకి అమ్ముకుంటారు."

మావగారికి చిర్రెత్తుకొచ్చింది. "మాకు కాశ్మీరుంది, సిమ్లా ఉంది! మీ యానాంలో ఏముందిరా? చవక మందు కోసం తప్ప ఆ ఊరు ఎవడన్నా వెళ్తాడా?"

బాబాయిగారు పళ్ళెం కింద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. జన్మలో మందు ముట్టని మనిషి ఆయన.

రెండు వారాలు ఫోన్ లేదు. మావగారు సెల్లు పక్కనే పెట్టుకుని దాన్నే చూస్తూ, కాఫీ చల్లారబెట్టేవారు. చూడలేకపోయాను. "మీరే చెయ్యొచ్చు కదండీ?" అన్నాను.

ఒంటికాలి మీద లేచారు. "నేనెందుకు చేస్తాను? నువ్వు నెట్‌లో చూసి లెక్క తియ్యమ్మా. ఏ దేశం పంట ఆ దేశానికి సరిపోతోందో తేల్చి వాడి మొహాన కొడతాను!"

ఆ మధ్యాహ్నమే నాకు బాబాయిగారి ఫోన్. "అమ్మాయ్, ఆ ఆపిల్ సంగతి కాస్త చూసి పెడతావా? మీ మావగారికి చెప్పకేం."

ఇలాంటి అవకాశం దొరికితే వదిలే రకాన్నా నేను? మావగారికి నిజమే చెప్పాను. "ఫ్రాన్సుదే పైచెయ్యండీ. వాళ్ళకి మిగులుతోంది. మనకి బోలెడు పండుతున్నా చాలక బయట కొంటున్నాం." పాపం, ఆయన మొహం వాడిపోయింది. బాబాయిగారికి మాత్రం గొంతు తడబడకుండా పచ్చి అబద్ధం ఆడాను. "మనకే మిగులుతున్నాయంట బాబాయిగారూ. మీ ఫ్రాన్సు వాళ్ళే మన దగ్గర కొనుక్కుంటున్నారంట."

మర్నాడు తొమ్మిది కాకుండానే బాబాయిగారు అరటిపళ్ళతో గుమ్మంలో ఉన్నారు.

"ఓడిపోయానురా. మీ దేశమే గొప్ప."

"అదేంటిరా, మీదే!"

"కాదంటుంటే! మీదే!"

మళ్ళీ గొంతులు లేచాయి. "నా కోడలు అబద్ధం చెబుతుందా?" అన్నారు మావగారు.

"నాకు చెప్పిందీ నీ కోడలే!"

ఇద్దరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. పాలు పొంగిపోతున్నాయంటూ వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద అసలు పాలే లేవు.

"ఎంత గుండెలు తీసిన బంటో చూడు! అబద్ధం చెప్పి నిన్ను ఇంత దూరం రప్పించింది," అని మావగారు కేకేశారు.

బాబాయిగారి గొంతు తగ్గింది. "అబద్ధమని నాకు నిన్ననే తెలుసురా. ఫ్రాన్సు సంగతి నాకు తెలీదూ? ఓడిపోవడానికి ఓ వంక దొరికింది, అదే చాలనుకుని బస్సెక్కాను."



"ఆ రోజు మీ ఊరి గురించి నేనన్నది తప్పురా," అన్నారు మావగారు.

నా పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నవ్వాలని కూడా తోచక పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.